వికలాంగ పింఛను: పాత నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడగడం ఎలా?

వికలాంగ పింఛను ఆగిపోయినప్పుడు వాడలో వినిపించే మాట ఒకటే: "సదరంలో తీసేశారు." ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు నిర్ణయాలు కలిసిపోయి ఉన్నాయి. వైకల్యం ఎంత శాతమో తేల్చింది ఆస్పత్రిలో డాక్టర్లు. ఆ శాతాన్ని చూపించి పింఛను ఆపింది, లేదా తగ్గించింది పాలనా యంత్రాంగం. ఆస్పత్రికి వెళ్తే పింఛను సంగతి ఎంపీడీవోను అడగమంటారు. ఎంపీడీవో ఆఫీసుకు వెళ్తే శాతం వేసింది మేం కాదంటారు. ఇద్దరు చెప్పేదీ నిజమే. అందుకే ఈ రెండు నిర్ణయాలనూ విడివిడిగా, రాతపూర్వకంగా సవాలు చేయాలి. మేము ప్రధానంగా చెప్పదలచుకున్నది ఇదే.

(ప్రభుత్వ కాగితాల్లో 'దివ్యాంగులు' అని రాస్తారు. ఉద్యమాల్లో నిలబడిన మాట 'వికలాంగులు'. మేమూ అదే వాడుతున్నాం.)

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగ పింఛనును 3,000 రూపాయల నుంచి 6,000కు పెంచింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 చేసింది. తెలంగాణలో ఇది 2023 జూలై నుంచి 4,016 రూపాయలు. కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛను మాత్రం 80 శాతం వైకల్యం ఉన్న పేదలకే, అదీ ఏళ్ల తరబడి నెలకు 300 దగ్గరే ఉంది. రాష్ట్రాల్లో పెంపు ఊరికే రాలేదు. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలోని వికలాంగుల హక్కుల పోరాట సమితి వంటి సంఘాలు ఏళ్లపాటు రోడ్డెక్కితే వచ్చింది.

మొత్తం పెరిగాక ఏరివేతా మొదలైంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పింఛనుదారులకు మళ్లీ వైద్య పరీక్షలు చేయించింది. 40 శాతం కన్నా తక్కువ అని తేలినవారికి ఆగస్టులో పెద్ద ఎత్తున నోటీసులు వెళ్లాయి. ఆందోళనలు జరిగాక అప్పీలుకు అవకాశమిచ్చి, అప్పీలు చేసుకున్నవారికి పింఛను కొనసాగిస్తామని చెప్పింది. బోగస్ సర్టిఫికెట్లు లేవని మేము అనడం లేదు. మోసంతో ప్రయోజనం పొందితే రెండేళ్ల వరకూ జైలు శిక్ష వేయడానికి 2016 చట్టంలోనే సెక్షన్ 91 ఉంది. మోసగాడిని పట్టుకోవడం వేరు, అందరినీ అనుమానితుల్ని చేసి మళ్లీ క్యూలో నిలబెట్టడం వేరు.

ఆ క్యూ అందరికీ ఒకేలా ఉండదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం, ఎస్సీల్లో 2.45 శాతం. నోటీసు చదివి చెప్పేవాళ్లు లేని ఇల్లు, జిల్లా ఆస్పత్రికి ఆటో ఖర్చు, తోడు వచ్చినవాళ్ల ఆ రోజు కూలి, ఇవన్నీ అప్పీలుకు అయ్యే ఖర్చే. ఆంధ్రప్రదేశ్‌కే చెందిన పఠాన్ జమాల్ వలీ కేసులో 2021లో సుప్రీంకోర్టు కులం, స్త్రీగా ఉండటం, వైకల్యం ఒకదానిమీద ఒకటి పడి వివక్షను ఎలా పెంచుతాయో వివరంగా చెప్పింది. అది అంధురాలైన దళిత మహిళపై జరిగిన అత్యాచారం కేసు. ఆ చూపు పింఛను ఆఫీసుల దాకా రావాల్సి ఉంది.

ఇక పని విషయానికి వద్దాం. ముందు నోటీసులో కారణం చదవాలి. తాత్కాలిక సర్టిఫికెట్ గడువు తీరడం వల్ల ఆగితే అప్పీలు అక్కర్లేదు, మళ్లీ స్లాట్ తీసుకుని పరీక్షకు వెళ్లాలి. శాతం తగ్గించినందువల్ల ఆగితేనే అసలు తగాదా.

వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 59 ప్రకారం సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయంపై అప్పీలు చేసుకోవచ్చు. ఎవరికి, ఎన్ని రోజుల్లో అన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. కాబట్టి నోటీసు అందిన తేదీని దానిమీదే రాసి పెట్టుకోవాలి. గడువు దాటితే ఊరుకోకుండా, ఎందుకు ఆలస్యమైందో రాసి అప్పీలు ఇవ్వాలి. సర్టిఫికెట్‌కు అర్హత లేదని తేలిస్తే కారణాలు రాతలో తెలపాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. 'అర్హత లేదు' అన్న ముక్క కారణం కిందకు రాదు.

అప్పీలులో "నాకు అన్యాయం జరిగింది" అని రాస్తే సరిపోదు. ఏ మార్గదర్శకాల ప్రకారం కొలిచారో అడగాలి. వైకల్యాన్ని కొలిచే కేంద్ర మార్గదర్శకాలు 2018 జనవరిలో వచ్చాయి, 2024 మార్చిలో మారాయి. పాత సర్టిఫికెట్‌లో 60 ఉండి కొత్తదాంట్లో 35 పడితే మనిషి మారాడా, కొలబద్ద మారిందా, చూసిన డాక్టర్ మారాడా? జవాబు ఫైల్లో ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద పాత, కొత్త మదింపు పత్రాల నకళ్లు అడగవచ్చు. 30 రోజుల్లో ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు.

ఎక్కువమంది వదిలేసే సంగతి ఇంకొకటుంది. ఒకటికి మించి వైకల్యాలుంటే వాటిని కలిపి లెక్కించాలి. నేరుగా కూడటం కాదు, దానికో సూత్రముంది: 90లోంచి ఎక్కువ శాతాన్ని తీసేసి, మిగిలినదాన్ని తక్కువ శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని ఎక్కువ శాతానికి కలపాలి. కాలు వైకల్యం 30, వినికిడి లోపం 20 అనుకుందాం. విడిగా చూస్తే రెండూ 40 లోపే. కలిపితే 43 దాటుతుంది. ఒక్క కాలును మాత్రమే చూసి పంపేస్తే ఆ మనిషి పింఛను పోతుంది. అప్పీలు రాసేముందు ఒంట్లో ఇంకేం ఇబ్బందులున్నాయో తీరిగ్గా అడగండి. చాలామంది వినికిడి తగ్గడాన్ని వైకల్యంగా చెప్పుకోరు.

పాత తిరస్కరణల్నీ తిరగదోడవచ్చు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో 21 ఉన్నాయి. సికిల్ సెల్, తలసీమియా, హీమోఫీలియా అందులో ఉన్నాయి. అప్పట్లో కాదన్నవారు ఇప్పుడు కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు.

రెండో కాగితం పింఛను ఆపిన అధికారికి ఇవ్వాలి. అంటే గ్రామాల్లో ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు. అందులో మూడు అడగాలి: అప్పీలు తేలేదాకా పింఛను ఆపవద్దని, ఆపేముందు మా మాట వినలేదన్న అభ్యంతరాన్ని నమోదు చేయాలని, అప్పీలు గెలిస్తే ఆగిన నెల నుంచే బకాయి చెల్లించాలని. మూడోది మరిచిపోవద్దు. అడగకపోతే వచ్చే నెల నుంచి పునరుద్ధరించి చేతులు దులుపుకునే ప్రమాదం ఉంది. ఆరు నెలలు ఆగితే 36,000 రూపాయలు. మన వాడల్లో అది చిన్న మొత్తం కాదు. రెండు కాగితాలకూ తేదీ, ముద్రతో రసీదు తీసుకోవాలి.

అక్కడా కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సెక్షన్ 80 కింద ఆయన విచారించవచ్చు, సాక్షుల్ని పిలిపించే సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. ఆయన సిఫారసు చేస్తే ఏం చర్య తీసుకున్నారో సంబంధిత అధికారి మూడు నెలల్లో తెలపాలి. అయినా అది సిఫారసే, తీర్పు కాదు. అక్కడ తేలకపోతే హైకోర్టులో రిట్ వేయాలి. లాయర్ ఫీజుకు భయపడనక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం సెక్షన్ 12 కింద ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం అందాలి. దళిత వికలాంగ మహిళకైతే మూడు విధాలా అర్హత ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.