మూలకణ మార్పిడి: ఉపద్రవాల ముందస్తు గుర్తింపు

రక్త క్యాన్సర్, తలసీమియా, ఎప్లాస్టిక్ అనీమియా వంటి వ్యాధుల్లో రోగి మూలుగను మందులతో నిర్మూలించి, హెచ్ఎల్ఏ కణగుర్తులు సరిపోలిన దాత మూలకణాలను సిరలోకి ఎక్కించే చికిత్సను మూలకణ మార్పిడి అంటారు. న్యూట్రోఫిల్ కణాలు మైక్రోలీటరుకు 500కు చేరి వరుసగా మూడు రోజులు నిలిస్తే కొత్త మూలుగ కుదురుకున్నట్లు లెక్క. అంతవరకు ఇన్ఫెక్షన్ల భయం తీవ్రంగా ఉండగా, ఆ తరువాత దాత కణాలే రోగి చర్మం, పేగులు, కాలేయంపై దాడిచేసే జీవీహెచ్‌డీ ముప్పు ముందుకొస్తుంది. తొలి 100 రోజులూ గట్టి నిఘా అవసరమయ్యేది ఇందుకే.

జీవీహెచ్‌డీ నివారణకు సైక్లోస్పోరిన్‌తో కలిపి మార్పిడి తరువాత 1, 3, 6, 11 రోజుల్లో ఇచ్చే మెథోట్రెక్సేట్, 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలం. అయినా ఏ మందూ ముప్పును పూర్తిగా తప్పించలేదు గనుక, లక్షణాలు బయటపడకముందే పసిగట్టే పరీక్షలకు ఇంత ప్రాధాన్యం ఏర్పడింది. సైటోమెగలో వైరస్‌ను సాధారణంగా వారం వారం పీసీఆర్‌తో కొలిచి, రోగికి ఏ బాధా లేకున్నా వైరస్ సంఖ్య హద్దు దాటగానే గాన్‌సైక్లోవిర్ మందు మొదలుపెడతారు. ఏడో రోజు రక్తంలో ఎస్‌టీ2, రెగ్3 ఆల్ఫా అనే ప్రోటీన్ల స్థాయిని బట్టి తీవ్ర జీవీహెచ్‌డీ ముప్పును అంచనా వేసే పద్ధతీ వచ్చింది.

వీటన్నిటి నడుమ తూకపు యంత్రం విలువ తగ్గలేదు. కాలేయంలోని సూక్ష్మ సిరలు మూసుకుపోయే వ్యాధిలో బరువు 5 శాతం పెరగడం, అంటే 50 కిలోల మనిషి 2.5 కిలోలు పెరగడం, ఒక ముఖ్య సంకేతం. దానికి తోడు రక్తంలో బిలిరుబిన్ డెసిలీటరుకు 2 మిల్లీగ్రాములు దాటి, కుడి డొక్కలో నొప్పి ఉంటే అనుమానం బలపడుతుంది. రోజూ బరువు రాసిపెట్టిన కాగితం ఖరీదైన పరీక్షకు ఏమాత్రం తీసిపోదు.

కృష్ణా మూసీ సంగమ క్షేత్రమైన వాడపల్లి, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వంటి చోట్ల రోగులు మార్పిడికి హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి కేంద్రాలకు వెళ్ళవలసినవారే. ఇంటికి చేరాక తొలి సంకేతం వైద్యుని కన్నా ముందు కుటుంబం కంటనే పడుతుంది. అరచేతుల్లో, అరికాళ్ళలో దద్దుర్లు, ఆగని నీళ్ళ విరేచనాలు, కళ్ళు పచ్చబడడం జీవీహెచ్‌డీ సూచనలు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే పారాసెటమాల్ వేసి తెల్లవారేదాకా చూడకుండా, మార్పిడి కేంద్రానికి వెంటనే ఫోన్ చేయాలి.