పబ్లిక్ అంటే సర్కారు కాదు

1885లో టెలిగ్రాఫ్ చట్టం రాసినవాళ్ళకి ఉపగ్రహమన్న ఊహే లేదు. కానీ 1993 నవంబరులో హీరో కప్ క్రికెట్‌ని శాటిలైట్‌కి ఎవరు ఎక్కించాలన్న తగువు వచ్చినప్పుడు అందరూ తిరగేసింది ఆ చట్టాన్నే. కాలక్రమంలో సవరించుకుంటూ వచ్చిన దాని నిర్వచనం ప్రకారం సంకేతాలు, బొమ్మలు, శబ్దాలు పంపడానికో అందుకోడానికో పనికొచ్చే పరికరమేదైనా టెలిగ్రాఫే, తీగ ఉన్నా లేకపోయినా. నాలుగో సెక్షన్ ప్రకారం దాన్ని నడిపే ప్రత్యేక హక్కు కేంద్రప్రభుత్వానిది. మిగతావాళ్ళకి లైసెన్సు కావాలి. మా వృత్తిలో దీన్ని లెగసీ కోడ్ అంటాం. ఎవరూ కొత్తగా రాయరు, అందరూ దానికే అతుకులేస్తారు.

బెంగాల్ క్రికెట్ సంఘం ఆ టోర్నమెంటు ప్రసార హక్కుల్ని ట్రాన్స్ వరల్డ్ ఇంటర్నేషనల్ అనే విదేశీ సంస్థకి అమ్మింది. దూరదర్శన్‌కి అది మింగుడుపడలేదు. కస్టమ్స్ వాళ్ళు ప్రసార సామాను పట్టుకున్నారు. సిగ్నల్‌ని పైకి పంపాల్సిన విదేశ్ సంచార్ నిగమ్, అంటే వీఎస్ఎన్ఎల్, ఆ స్లాటు రద్దు చెయ్యమని వాషింగ్టన్‌లోని ఇంటెల్‌శాట్‌కి కబురు పంపింది.

ఇంటెల్‌శాట్ అప్పటికింకా కంపెనీ కాదు. 1971లో దేశాలు సంతకాలు చేస్తే 1973లో అమల్లోకొచ్చిన ఒప్పందం మీద నడిచే సంస్థ. ఆ ఒప్పందంలో రెండు మాటలున్నాయి. ‘పార్టీ’ అంటే దేశం. ‘సిగ్నేటరీ’ అంటే ఆ దేశం తరఫున డబ్బు పెట్టి, వాటా తీసుకుని, వ్యాపారం చేసే టెలికాం సంస్థ. భారత్ పార్టీ, వీఎస్ఎన్ఎల్ సిగ్నేటరీ. అమెరికాలో సిగ్నేటరీ అయిన కామ్‌శాట్ షేర్లు స్టాక్ మార్కెట్లో అమ్ముడుపోయేవి. మన దగ్గర ఆ రెండు మాటల మధ్య గోడే లేదు. పార్టీకి కోపమొస్తే సిగ్నేటరీ ఫోనెత్తుతుంది.

కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పొచ్చింది. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అన్న మాట అక్కడిదే. బెంచిలో ముగ్గురు: సావంత్, మోహన్, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా చేసిన బి.పి. జీవన్‌రెడ్డి. మండల్ కేసులో మెజారిటీ తీర్పు రాసిన జీవన్‌రెడ్డే. ఇక్కడ ఆయన విడిగా రాసిన తీర్పే నాకు ఎక్కువ ఆసక్తి. సర్కారు గుత్తాధిపత్యాన్ని ఆయన ఒప్పుకోలేదు. అలాగని ప్రైవేటు చానెల్ పెట్టుకునే హక్కు 19(1)(ఎ) లో ఉందనీ అనలేదు. ప్రసారం పబ్లిక్ చేతిలో ఉండాలి, పబ్లిక్ అంటే ప్రభుత్వం కాదు, డబ్బున్నవాడూ కాదు. ఇదీ ఆయన వాదన.

దీన్ని తెలుగులో రాయబోతే మొదటి మాట దగ్గరే ఆగిపోతాం. పబ్లిక్ సెక్టార్‌ని మనం ‘ప్రభుత్వ రంగం’ అనేశాం. ఇక ‘పబ్లిక్ అంటే ప్రభుత్వం కాదు’ అన్న వాక్యం పత్రికా తెలుగులో ఎట్లా నిలబడుతుంది? మాట్లాడే భాషలో మాత్రం ఇబ్బంది లేదు. నకిరేకల్ చుట్టుపక్కల చెరువు ఎవరిదని అడిగితే ‘ఊరిది’ అంటారు. పట్టాదారుది కాదు, తహసీల్దారుదీ కాదు. (ఆ ‘ఊరు’లో లెక్కకొచ్చేదెవరో వాడల్లో అడిగితే చెప్తారు. అది వేరే పెద్ద కథ.)

కోర్టు స్వతంత్ర సంస్థ పెట్టమంది. 1990లోనే పార్లమెంటు చేసిన ప్రసార భారతి చట్టం 1997దాకా అమల్లోకి రాలేదు. ఈలోగా జెమినీ, ఈటీవీ వచ్చేశాయి. దేశం నుంచి ప్రైవేటు వాళ్ళకి అప్‌లింక్ అనుమతి లేదు కాబట్టి చానెళ్ళు విదేశాల నుంచి సిగ్నల్ పంపేవి, ఇక్కడ కేబుల్ వాళ్ళ డిష్షులు అందుకునేవి. ఎక్కించడానికి కావాల్సిన లైసెన్సు దింపుకోడానికి అడ్డం రాలేదు. జీవన్‌రెడ్డి వద్దన్న రెండో దారి చట్టం తెరవకముందే తెరుచుకుంది.

2001 జులై 18న ఇంటెల్‌శాట్ ప్రైవేటు కంపెనీ అయింది. సిగ్నేటరీలు వాటాదారులయ్యాయి. పార్టీలకి మిగిలింది ఐటీఎస్ఓ అనే చిన్న సంస్థ. పేద దేశాలకి కనెక్షన్ తెగకుండా కంపెనీ మాట నిలబెట్టుకుంటోందా అని చూడ్డం దాని పని. 2002 ఫిబ్రవరిలో వీఎస్ఎన్ఎల్‌లో 25 శాతం టాటాలకి పోయింది, యాజమాన్యంతో సహా. దానికి వాడిన మాట ‘వ్యూహాత్మక భాగస్వామి’. కొనుక్కున్నవాణ్ణి భాగస్వామి అనడం ఆ దశాబ్దపు మర్యాద.

టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, ప్రజల తరఫున స్పెక్ట్రమ్‌కి యజమాని కేంద్రప్రభుత్వమేనని రాసుకుంది. ప్రజలు పేరులో మిగిలారు, యాజమాన్యం మళ్ళీ పార్టీకి వెళ్ళింది. స్పెక్ట్రమ్‌ని వేలం వెయ్యాలన్నది మామూలు సూత్రం. కానీ మొదటి షెడ్యూల్లో ఉన్న సేవలకి వేలం లేదు, నేరుగా కేటాయింపే. కొన్ని శాటిలైట్ సేవలు ఆ షెడ్యూల్లో ఉన్నాయి. 2024లో జియో వేలం కావాలంది, ఎలాన్ మస్క్ వద్దన్నాడు. మరుసటి ఏడాది స్టార్‌లింక్‌కి లైసెన్సు వచ్చింది. ఆ గొడవంతా వేలమా కేటాయింపా అన్న రెండు మాటల మధ్యే నడిచింది. ఇచ్చే చెయ్యి సర్కారుదే కావాలా అని అడిగిన మూడో మాట 1995 తీర్పులోనే ఉండిపోయింది.