చలనచిత్రములు – చరిత్ర సత్యము

పటమటలో నొక కూడలికి నందమూరి తారక రామారావుగారి పేరు గలదు. 2022 ఏప్రిల్ నుండి విజయవాడ ముఖ్యస్థానముగా గల జిల్లాకే ఆయన పేరు పెట్టబడినది. 1923లో నిమ్మకూరున జన్మించి, ఈ నగరపు కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారికడ చదివి, మీసములు తీయకయే నాగమ్మ వేషము కట్టిన యువకుని ముచ్చట ఈ సీమలో ఇంటింట తెలిసినదే. అట్టివాని జీవితము తెరకెక్కినపుడు అందలి తప్పొప్పులు విచారించుట మనకు విధి.

2019లో ఆయన కథను రెండు పక్షములవారు చిత్రించిరి. కుమారుడు బాలకృష్ణగారే తండ్రి పాత్రను ధరింపగా, క్రిష్‌గారి దర్శకత్వమున జనవరిలో 'కథానాయకుడు', ఫిబ్రవరిలో 'మహానాయకుడు' వెలువడెను. మార్చి చివర రాంగోపాల్ వర్మగారి 'లక్ష్మీస్ ఎన్టీఆర్' వచ్చెను. ఏప్రిల్ 11న శాసనసభ ఎన్నికలు జరిగినవి. ఈ కడపటి చిత్రము పోలింగు ముగియువరకు ఆంధ్రప్రదేశమున విడుదల కాలేదు. కాబట్టి ఇది వట్టి వినోదపు ముచ్చట కాదు. ప్రజల జ్ఞాపకముపై అధికార మెవరిదను వివాదము.

చరిత్ర యేమనుచున్నది? 1982 మార్చి 29న రామారావుగారు తెలుగుదేశము పార్టీని స్థాపించి, దాని కధ్యక్షులై, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి యైరి. 1984 ఆగస్టు 16న గవర్నరు రామలాల్ ఆయనను తొలగించి, నాదెండ్ల భాస్కరరావుగారిని గద్దెపై నుంచిరి. ప్రజలు వీధులకెక్కిరి, సెప్టెంబరు 16న పదవి ఆయనకు మరల దక్కెను. నాటి సంక్షోభమున మామగారి పక్షమున నిలిచి పనిచేసిన అల్లుడు చంద్రబాబునాయుడుగారే 1995 ఆగస్టులో ఎదుటి పక్షమునకు నాయకులై, సెప్టెంబరు 1న ముఖ్యమంత్రి యైరి. 1996 జనవరి 18న రామారావుగారు కాలధర్మము నొందిరి.

కుమారుని చిత్రములు 1995 దాక రాలేదు. వర్మగారి చిత్రము తుదిదశనే గైకొని, లక్ష్మీపార్వతిగారి పక్షమున కథ నడపినది. మొదటిదానిలో విజయము కలదు, పతనము లేదు. రెండవదానిలో పతనము కలదు, దానికి ముందటి దాదాపు ఏడేండ్ల పాలన లేదు. తేదీ తప్పిన పంచాంగము చూచి దిద్దవచ్చును. విడిచిపెట్టిన యధ్యాయమును ప్రేక్షకుడు దేనిని చూచి దిద్దుకొనును? అది కలదనియే అతడెరుగడు గదా!

కాలమును కుదించుట, ఇరువురి మాటల నొకనిచే పలికించుట నాటకమునకు తప్పవు. వానిని క్షమింపవచ్చును. కారణమును మార్చుట, ఫలితమును దాచుట మాత్రము క్షమింపరానివి.

వీరపూజకు లొంగని సత్యమెట్టిదో యొక్క యుదాహరణము. ఆడుబిడ్డలకు ఆస్తిలో సమాన హక్కు నిచ్చినది రామారావుగారి ప్రభుత్వమని మనము గర్వింతుము. అది నిజమే. 1986 నాటి ఆ చట్టము 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చినది. కాని ఆ తేదీకి ముందే పెండ్లియైన కూతుండ్రకు అది వర్తింపలేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు లేని హక్కు చెల్లెలికి కలిగినది. ఆ భేదము తొలగుటకు 2005లో పార్లమెంటు చేసిన సవరణ కావలసివచ్చెను. ఆ సంస్కర్తను నిండుగా గౌరవింపవలెనన్న, ఆయన చేసినదానితోపాటు మిగిలిపోయినదానిని కూడ చెప్పవలయును. లేనిచో నష్టపడిన ఆ అక్క చరిత్రలో కనబడకయే పోవును.

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ మొట్టమొదట కూడినది ఈ బెజవాడలోనే. పిల్లలను చిత్రమునకు తీసికొని పోవుట దోషము కాదు. మరునాడు వారిని గ్రంథాలయమునకు గొనిపోయి, 1984, 1995 సంవత్సరముల వార్తాపత్రికలను వారిచేత చదివింపుడు. కూడలిలోని పేరు వారికప్పుడు ఒక మనుష్యుని పేరుగా తోచును.