వాదన వ్యాసం రాయడం ఎలా? అమీర్‌పేట ఫుట్‌పాత్‌తో ఒక నమూనా

అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో ఉంటూ పోటీ పరీక్షలకు చదివే పిల్లల్లో చాలామంది వ్యాసం పేపర్‌ను చివరికి వదిలేస్తారు. కానీ తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సేకు 150 మార్కులు. 3 గంటల్లో 3 వ్యాసాలు రాయాలి. సివిల్స్ మెయిన్స్‌లో 2 వ్యాసాలకు 250 మార్కులు. రెండు పరీక్షలనూ తెలుగులోనే కాదు, ఉర్దూలోనూ రాయవచ్చు. భాష ఏదైనా వాదన నిలబడాలి.

వర్ణన వేరు, వాదన వేరు

‘అమీర్‌పేట ఫుట్‌పాత్ వ్యాపారం’ అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలు. ‘ఫుట్‌పాత్ వ్యాపారులను తొలగించాలా?’ అని అడిగితే మాత్రం ఏదో ఒక వైపు నిలబడాలి. ‘రెండు వైపులా మంచీ చెడూ ఉన్నాయి’ అని ఊరుకుంటే అది జవాబు కాదు.

1. మాట తేల్చి చెప్పండి

మొదటి పేరాలోనే మీ అభిప్రాయం తెలిసిపోవాలి. ఉదాహరణకు: ‘వ్యాపారులను తొలగించకూడదు. స్థలం, హద్దు నిర్ణయించి కొనసాగనివ్వాలి.’

2. ఆధారం చూపండి

‘పాపం పేదవాళ్లు’ అంటే జాలి కలుగుతుంది గానీ వాదన బలపడదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి, ధ్రువపత్రాలు ఇచ్చేవరకు వారిని ఖాళీ చేయించకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. చట్టం పేరు చెప్పి వదిలేయకండి. అది మీ మాటను ఎలా బలపరుస్తుందో ఒక వాక్యంలో కలపండి.

3. ఎదుటివారి గట్టి మాటను ముందుకు తెండి

వ్యాసం నిలిచేదీ పడేదీ ఇక్కడే. ఎదుటి పక్షం నుంచి బలహీనమైన మాటను ఎంచుకుని కొట్టేస్తే చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. అమీర్‌పేటలో మెట్రో రెడ్, బ్లూ లైన్లు కలుస్తాయి. ఆ రద్దీలో ఫుట్‌పాత్ నిండిపోతే వృద్ధులు, వీల్‌చైర్‌లో వెళ్లేవారు, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి బస్సుల మధ్యకు దిగాల్సి వస్తుంది. ఈ మాట నిజం, ఒప్పుకోవాలి.

ఒప్పుకున్నాక జవాబివ్వండి. వ్యాపారం చేయకూడని ప్రాంతాలను గుర్తించే వీలు కూడా అదే చట్టంలో ఉంది. మెట్రో మెట్ల దగ్గర, బస్టాప్ ముందు ఖాళీ ఉంచి, మిగతా చోట హద్దు గీయవచ్చు. దీంతో మీ మాట బలహీనపడలేదు, ఇంకా స్పష్టమైంది.

4. ముగింపులో కొత్త విషయం వద్దు

వాదన ఎక్కడికి చేరిందో, ఎవరు ఏం చేయాలో చెప్పి ఆపండి.

ఈ పొరపాట్లు వద్దు

‘అందరికీ తెలిసిందే’ అనడం, గుర్తులేని లెక్కను ఊహించి రాయడం, ఎదుటివారిని తిట్టడం. తప్పు లెక్క ఒక్కటి దొరికితే సరైనవాటినీ నమ్మరు.

ఇంట్లో సాధన

గ్రూప్-1లో ఒక్కో వ్యాసానికి గంట అనుకుంటే 10 నిమిషాలు ఆలోచనకు, 45 రాయడానికి, 5 తిరిగి చదవడానికి ఉంచుకోండి. రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర అబ్బా ఒక వైపు, పిల్లలు ఇంకో వైపు మాట్లాడినా మంచి సాధనే. ఒకటే షరతు: జవాబు చెప్పే ముందు ఎదుటివారి మాటను తిరిగి చెప్పాలి. ‘అవును, నేనన్నది అదే’ అని వాళ్లు ఒప్పుకున్నాకే మీ వంతు.