నగరసందర్శన క్రమనిర్ణయము : ఒక చారిత్రక పరిశీలనము

నగరమునకు వచ్చిన యాత్రికునకు కాలము స్వల్పము, దర్శనీయస్థలములు అనేకములు. వీనిలో ఏవి చూడవలెను, ఏ క్రమమున చూడవలెను అను ప్రశ్నకు నేడు గణనయంత్రము సమాధానము చెప్పుచున్నది. ఆ సమాధానమునకు మూలములైన భావములు యంత్రముకంటె ప్రాచీనములని మా అభిప్రాయము.

తీర్థయాత్రలో క్రమము సంప్రదాయసిద్ధము. కాశీ పంచక్రోశయాత్ర మణికర్ణికయందు ఆరంభమై, కర్దమేశ్వరము, భీమచండి, రామేశ్వరము, శివపురము, కపిలధారలమీదుగా మరల మణికర్ణికకే చేరును. ఇందు యాత్రికుని అభిరుచికి తావు లేదు.

19వ శతాబ్దిలో ఐరోపాయందు ఎంపికకు ప్రాధాన్యము వచ్చినది. మరియానా స్టార్క్ కళాఖండముల తారతమ్యమును ఆశ్చర్యార్థకచిహ్నములతోను, కార్ల్ బేడెకర్ దర్శనీయస్థలముల తారతమ్యమును నక్షత్రచిహ్నములతోను తమ మార్గదర్శినులలో సూచించిరి. రసజ్ఞత ఇట్లు లెక్కకు లొంగినది.

మార్గమును గూర్చిన గణితము వేఱుగా పెరిగినది. 1954లో డాంట్‌జిగ్, ఫుల్కర్‌సన్, జాన్సన్ అనువారు అమెరికాలోని 49 నగరములను చుట్టివచ్చు అతిహ్రస్వమార్గమును సాధించిరి. అందు, పంచక్రోశయాత్రయందువలెనే, ఏ స్థలమును విడువరాదు. 1987లో గోల్డెన్, లెవీ, వోహ్రా అనువారు చర్చించిన ‘ఓరియెంటీరింగ్ సమస్య’ దీనికి భిన్నము. ప్రతి స్థలమునకు ఒక విలువ కలదు. కాలమునకు పరిమితి కలదు. ఆ పరిమితిలో అధికతమమైన మొత్తపు విలువను కూర్చుకొనవలెను. 2007లో వాన్‌స్టీన్‌వెగెన్, వాన్ ఔడ్‌హ్యూస్‌డెన్ అను బెల్జియము పరిశోధకులు ఈ పద్ధతిని పర్యాటకుని వ్యక్తిగతాభిరుచులకు అన్వయించిరి. బేడెకరు నక్షత్రము ఇచ్చట అంకెయైనది. ఆ అంకె మనిషి మనిషికి మారునదైనది.

దీనితో యాత్రికుడు గ్రంథకర్త అధికారమునుండి విముక్తుడయ్యెనని కొందఱు తలంపవచ్చును. మేము దీనిని పూర్తిగా అంగీకరింపజాలము. అభిరుచి యాత్రికునిదే యైనను, స్థలముల పట్టికను కూర్చువారు అన్యులు. పట్టికకెక్కని స్థలము ఏ మార్గమునందును చేరదు. అల్పమైన విలువ గలది తఱచుగా జాఱిపోవును. పైగా తాను దేనిని విడిచెనో సాధారణముగా యంత్రము చెప్పదు.

నియతమార్గమునకు గల గుణము ఇచ్చటనే బోధపడును. చిన్న గుడియైనను దారిలో నున్నచో యాత్రికుడు నిలువవలసినదే. 1830–31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య తన గ్రంథమున సామాన్యగ్రామములను సైతము నమోదు చేయుటకు ఆయన మజిలీలే కారణము. ఆ గ్రామములను విలువలనుబట్టి ఏరియుండినచో మనకు ఆ చరిత్ర దక్కెడిది కాదు.

కావున మార్గము ఎంత హ్రస్వమైనదని అడుగుటకు ముందు, విలువలను నిర్ణయించినవారెవరని పరిశోధకులు అడుగవలసియున్నది.