పహాడీ షరీఫ్ మీదుగా హబుల్

మగ్రిబ్ నమాజు ముగిసి జనం దిగుతున్నారు, మనం ఎక్కుతున్నాం. చెప్పులు కింద పూల దుకాణంలో విడిచాం. జనవరి గాలి చురుక్కుమంటున్నా, పగలంతా ఎండ తాగిన బండ అరికాళ్లకు ఇంకా గోరువెచ్చగా తగులుతోంది. ఊదు పొగ, నలిగిన గులాబీ రేకులు, కింద ఏదో హోటల్లో వేగుతున్న మాంసం వాసన మెట్ల మీద మనతోపాటే వస్తున్నాయి. బాబా షర్ఫుద్దీన్ దర్గా వాకిట ఒకసారి తల వంచి, గుంపుకు ఎడంగా బండ అంచుకు జరుగుదాం. మొక్కులకు వచ్చినవాళ్లకు మనం అడ్డం కాకూడదు.

ఉత్తరాన బార్కస్, చాంద్రాయణగుట్ట దాటి హైదరాబాద్ వెలుగు నారింజ రంగులో పొంగి నిలబడింది. కింద శ్రీశైలం రోడ్డు మీద లారీల వరస. నైరుతిన శంషాబాద్ విమానాశ్రయం. తూర్పు నుంచి విమానాలు ఒకదాని వెనక ఒకటి దీపాలు వెలిగించుకుని దిగుతున్నాయి. ఇంత వెలుగులో ఆకాశం చూడటానికి ఎవరైనా ఇక్కడికొస్తారా? మామూలు చుక్కల కోసమైతే రాకూడదు. మనం ఎదురుచూస్తున్నది హబుల్ టెలిస్కోప్ కోసం.

ఫోన్లో యాప్ ప్రకారం ఇంకా నాలుగు నిమిషాలుంది. ఈలోగా ఒక మాట. హబుల్ భూమధ్యరేఖకు 28.5 డిగ్రీల వాలులో తిరుగుతుంది. లండన్‌లో ఉన్నవాడు జన్మంతా డాబా మీద పడుకున్నా అది కనపడదు, వాళ్ల దిగంతం కిందనుంచే వెళ్లిపోతుంది. మనకు సరిగ్గా నెత్తి మీదుగా పోతుంది. ఏటా ఎన్నో సాయంత్రాలు శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఎవరి పెరట్లోంచి వాళ్లు చూడొచ్చు. బైనాక్యులర్స్ కూడా అక్కర్లేదు. ఈ అదృష్టం గురించి మన బడుల్లో ఎందుకు చెప్పరో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

"ఏం జూస్తున్నరు అన్నా? చాంద్ ఇటు దిక్కు రాదు."

పూల దుకాణం పిల్లాడే, దండల బుట్ట ఖాళీ చేసుకుని వచ్చాడు. పదిహేనేళ్లుంటాయి.

"చంద్రుడు గాదు తమ్మీ. ఆ వాయవ్యం మూల చూస్తుండు. ఒక చుక్క నడుచుకుంట వస్తది."

"ఫ్లైటా?"

"ఫ్లైటైతే మినుకు మినుకుమంటది. ఇది అనదు."

వచ్చింది. ముందు మసక తెర వెనక ఉన్నట్టు, తర్వాత ఖాయంగా. ఎర్ర దీపం లేదు, చప్పుడు లేదు, తొందరా లేదు. కానీ ఆ నింపాదితనం కంటికే. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పోతోంది, భూమిని ఒక చుట్టు చుట్టడానికి గంటా ముప్పై అయిదు నిమిషాలు. మనకు సూర్యుడు దిగి యాభై నిమిషాలైంది, సుమారు అయిదు వందల కిలోమీటర్ల ఎత్తున దానికి ఇంకా ఎండే. మనం చూస్తున్నది ఆ పదమూడు మీటర్ల గొట్టం మీద, సౌరఫలకాల మీద పడి మెరుస్తున్న ఆ ఎండనే. నడినెత్తికి వచ్చింది. పిల్లాడి మెడ దానితోపాటు తిరుగుతోంది, నోరు తెరిచే ఉంది. తూర్పున గొల్లకావడి పక్కగా జారింది, ఇంకాస్త దిగింది, భూమి నీడలోకి వెళ్లి ఆరిపోయింది. అంతా కలిపి ఆరు నిమిషాలు.

"బుఝ్ గయా!" అన్నాడు. తర్వాత తెలుగులో, "అందుల ఎవలన్న ఉంటరా?"

ఎవరూ ఉండరు. 1993 నుంచి 2009 దాకా అయిదుసార్లు వ్యోమగాములు వెళ్లి మరమ్మతు చేసి వచ్చారు. ఆ తర్వాత స్పేస్ షటిల్సే ఆగిపోయాయి, స్పానర్ పట్టుకుని వెళ్లేవాడు లేడు. 2024 జూన్ నుంచి ఒకే ఒక్క గైరోస్కోపుతో నెట్టుకొస్తోంది. ఆ ఎత్తులో కూడా గాలి పొరలు పల్చగా ఉంటాయి, అవి లాగుతూనే ఉంటాయి. 1990 ఏప్రిల్‌లో ఆరు వందల కిలోమీటర్ల పైన వదిలినది, చూశారుగా, ఎంత కిందికి వచ్చిందో.

ఇప్పుడు హబుల్ దాటిపోయిన ఆ గొల్లకావడినే చూడండి. మూడు చుక్కల వరస కింద పొగచూరినట్టున్న మచ్చ ఒకటి ఉంటుంది. నగర కాంతిలో ఈ రాత్రి అది ఉందో లేదో తేల్చుకోవడం కష్టం. అదే ఓరియన్ నెబ్యులా. 2006లో హబుల్ బృందం విడుదల చేసిన దాని చిత్రం ఒక్క క్లిక్కుతో వచ్చింది కాదు, 520 ఫొటోలను అతికితే వచ్చింది. అందులో మూడు వేలకు పైగా నక్షత్రాలున్నాయి. ఒక్కో ఫొటో నలుపు తెలుపే. కెమెరా ముందు ఒక్కో ఫిల్టర్ పెట్టి ఒక్కో రకం కాంతిని విడిగా తీస్తారు. నేల మీదకు వచ్చాక వాటికి రంగులు ఇచ్చి కలుపుతారు. జేమ్స్ వెబ్ టెలిస్కోపుదీ ఇదే పద్ధతి. అది పట్టే పరారుణ కాంతి కంటికి అందదు కనుక పొడవు తరంగానికి ఎరుపు, పొట్టి తరంగానికి నీలం ఇస్తారు. అయితే ఆ రంగులు అబద్ధమా అంటే, కాదనే నేనంటాను. తరంగాల వరస చెడకుండా కంటికి అందే మెట్టుకు దింపుతున్నారు, అంతే.

ఫొటోతో నక్షత్రాలను పట్టే పని హైదరాబాద్‌కు కొత్త కాదు. ఉత్తరం వైపు ఆ వెలుగులోనే ఎక్కడో ఫిసల్‌బండ ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి పదిహేను అంగుళాల టెలిస్కోప్ తెప్పించి అక్కడే పెట్టాడు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం తీసుకుని బేగంపేటకు మార్చింది. 1914 నుంచి అక్కడ ఎనిమిది అంగుళాల కుక్ కెమెరా టెలిస్కోప్ గాజు పలకల మీద ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా అచ్చు వేసింది. ప్రపంచంలోని పలు అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని పటం గీసిన 'కార్ట్ దు సియెల్' పథకంలో, చిలీలోని శాంటియాగో వాళ్లు పూర్తి చేయలేకపోయిన దక్షిణాకాశపు వాటా బేగంపేటలోని ఈ నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది. పలక మీద ముందే సన్నటి గళ్లు ముద్రించేవారు. తర్వాత మనుషులు మైక్రోస్కోపుకు కళ్లు ఆనించి, ఏ గడిలో ఏ చుక్క ఎంత దూరాన పడిందో కొలిచి రాసేవారు. లక్షల చుక్కలు. ఆ అబ్జర్వేటరీ ఉద్యోగి కొడుకే వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్లి, 1949 జులైలో తను తీసిన ఫొటో పలక మీదే ఒక కొత్త తోకచుక్కను పట్టాడు. దానికి ఇప్పటికీ ఆయన పేరే ముందు: బప్పు-బాక్-న్యూకిర్క్.

బేగంపేటకు ఊరొచ్చింది, విమానాశ్రయమూ వచ్చింది. ఉస్మానియా వాళ్లు చీకటి వెతుక్కుంటూ ఇబ్రహీంపట్నం దాటి జాపాల్-రంగాపూర్ వెళ్లారు. 1968లో అక్కడ నలభై ఎనిమిది అంగుళాల టెలిస్కోప్ నిలిచింది. ఇక్కణ్నుంచి ఆగ్నేయం వైపు ఉంటుంది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి శాస్త్రవేత్తలు అక్కడికే చేరారు. ఊరు దాని వెనకాలా నడిచింది. విమానాశ్రయం కూడా 2008 మార్చిలో బేగంపేట వదిలి శంషాబాద్ చేరింది. చీకటి కోసం ఇక మిగిలిన దారి పైకే.

"అన్నా, ఇంకోటి! గట్ల చూడు!"

దక్షిణం నుంచి ఉత్తరానికి పోతోంది ఇంకో చుక్క. హబుల్ అంత కాంతి లేదు. అది దిగకముందే దానికి అడ్డంగా ఇంకొకటి. ఇవి టెలిస్కోపులు కావు, ఎవరి ఉపగ్రహాలో. పైకి పారిపోయిన టెలిస్కోపును ఇప్పుడు వెంటాడుతున్నది ఇవే. 2002 నుంచి 2021 దాకా హబుల్ తీసిన ఫొటోలను పరీక్షిస్తే, వాటిలో 2.7 శాతం మీద ఏదో ఒక ఉపగ్రహం గీత గీసి పోయిందని 2023లో తేలింది. అది స్టార్‌లింక్ లాంటి గుంపులు అప్పుడప్పుడే పెరుగుతున్న కాలం. కంపెనీలు అనుమతులు అడిగిన ఉపగ్రహాలన్నీ, అంటే సుమారు 5,60,000, ఎగిరితే పరిస్థితి ఏమిటని 2025 డిసెంబర్‌లో 'నేచర్' పత్రికలో మరో బృందం లెక్క వేసింది. హబుల్ ఫొటోల్లో మూడో వంతుకు మించి చెడతాయి. అదే ఏడు మార్చిలో ఎగిరిన స్ఫియరెక్స్, చైనా సిద్ధం చేస్తున్న షున్‌తియెన్ లాంటి అంతరిక్ష టెలిస్కోపులకైతే నూటికి తొంభై ఆరు పైనే.

ఇప్పుడు విమానాశ్రయం వైపు, మామిడిపల్లి దిక్కు చూడండి. ఆ దీపాల్లో జీఎమ్మార్ ఏరోస్పేస్ పార్కు ఉంది. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి దేశపు తొలి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్‌ను 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపిన స్కైరూట్, 2023లో తన కొత్త కేంద్రాన్ని తెరిచింది అక్కడే. పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా పెట్టిన ఆ కంపెనీని చూస్తే నాకూ గర్వమే. వాళ్ల విక్రమ్-1 రాకెట్‌ను రూపొందించింది చిన్న ఉపగ్రహాలను కక్ష్యలో వదలడానికి. ఒక్క రాకెట్‌ను తప్పుపట్టడం సరికాదు. కానీ కక్ష్యకు వెళ్లడం చవకయ్యే కొద్దీ అక్కడ రద్దీ పెరుగుతుంది. ఉపగ్రహాలను టెలిస్కోపుల కన్నా కింది ఎత్తులో తిప్పండి, ఏది ఎప్పుడు ఎక్కడుంటుందో కచ్చితంగా ప్రకటించండి అని ఖగోళ శాస్త్రవేత్తలు అడుగుతున్నారు. రాకెట్లు కట్టే ఊరి నుంచి ఆ మాట వస్తే దానికి బరువెక్కువ.

పెద్ద టెలిస్కోపులు మాత్రం రద్దీకి దూరంగా మకాం మార్చేస్తున్నాయి. వెబ్ ఉన్నది భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల. 2027 మే లోపు ఎగరాల్సిన నాన్సీ గ్రేస్ రోమన్‌దీ అదే చోటు. దాని అద్దం హబుల్ అంతే, ఒక్క ఫొటోలో పట్టే మేర నూరు రెట్లు. అంత దూరం వెళ్లినవాటిని ఇలా బండ మీద నిలబడి చూడలేం.

"మనోళ్లది లేదా అన్నా?"

ఉంది. ఆస్ట్రోశాట్. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచే పోయింది. దక్షిణాన, విమానాశ్రయం దీపాల పైన వేలు చాపి చూపించాను. దాని దారి భూమధ్యరేఖను ఆరు డిగ్రీలకు మించి దాటదు, అందుకని ఇక్కణ్నుంచి సుమారు ఇరవై డిగ్రీల ఎత్తుకు మించి పైకి లేవదు. ఈ కాంతిలో కంటికి ఆనదు. కానీ అందులోని అతినీలలోహిత టెలిస్కోపు, యూవిట్, చేసే పని వింతైనది. గాలి పొర ఆపేసే కాంతి దానికి అందుతుంది. కాంతిని వడ్లు కుంచంతో కొలిచినట్టు కాకుండా గింజ గింజ ఏరి లెక్కపెట్టినట్టు, ఒక్కో ఫోటాన్ ఎక్కడ పడిందో సెకనుకు దాదాపు ముప్పై ఫ్రేముల్లో నమోదు చేస్తుంది. ఉపగ్రహం సన్నగా ఊగుతుంటుంది కనుక ఆ ఊపును నేల మీద కంప్యూటర్లో సరిదిద్ది, అప్పుడు ఫొటోగా పేరుస్తారు. 2016 అక్టోబర్‌లో అలా 28 గంటలకు పైగా ఒకే చోట చూస్తే, 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరపు గెలాక్సీ కాంతి చిక్కింది. పుణెలోని ఐయూకా శాస్త్రవేత్త కనక్ సాహా బృందం 2020లో దాన్ని ప్రకటించింది. బెంగళూరు ఖగోళ భౌతిక సంస్థ 'ఇన్సిస్ట్' పేరుతో మీటరు అద్దపు అంతరిక్ష టెలిస్కోపును ప్రతిపాదించింది కూడా.

"ఆ ఫొటోలు మనకిస్తరా, లేకుంటే సైంటిస్టులకేనా?"

"అందరికీ ఇస్తరు. ఇస్రో సైట్ల పేరు రాయించుకుంటే ఆస్ట్రోశాట్ డేటా ఫ్రీగ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫైళ్లు మాత్రం పెద్దగుంటయి."

పిల్లాడు బుట్ట కింద పెట్టి, పగిలిన అద్దం ఫోను జేబులోంచి తీశాడు.

"వైఫై ఉన్న దోస్తున్నడు. లింక్ పెట్టుండ్రి."