రనబౌట్: ఇంట్లో కట్టుకునే చెక్క మరపడవ

రనబౌట్ అంటే సరస్సుల్లోనూ నదుల్లోనూ విహారానికి వాడే, వేగంగా పోయే చిన్న చెక్క మరపడవ. పొడవైన ముందు డెక్కు, మెరిసే మహాగని బద్దలు, వాటి మధ్య సన్నటి తెల్ల గీతలు, లోపల ఒకటి రెండు వరుసల సీట్లు దీని ఆనవాళ్లు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికాలో, ముఖ్యంగా డెట్రాయిట్ పరిసరాల్లో ఇది రూపుదిద్దుకుంది. పెద్ద కార్ఖానాలు ఫైబర్‌గ్లాస్‌కు మారి చాలాకాలమైనా, ఈ పోలికలోని పడవను ఇంటి షెడ్డులో సొంత చేతులతో కట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల పడవ చూపుకు పాతదే గాని లోపలి కట్టుబడి వేరు. ఆ తేడా తెలుసుకున్నాకే రంపం పట్టాలి.

చరిత్ర

మిషిగన్ రాష్ట్రంలోని ఆల్గొనాక్‌లో క్రిస్ స్మిత్, ఆయన కొడుకులు 1922లో పెట్టిన సంస్థ తర్వాత క్రిస్-క్రాఫ్ట్‌గా పేరు పొందింది. డెట్రాయిట్‌లో జాన్ హ్యాకర్ గీసిన పడవలు, పందేల వీరుడు గార్ వుడ్ కట్టించినవీ ఇదే కాలానివి. మొదటి ప్రపంచయుద్ధంలో మిగిలిన విమాన ఇంజన్లు చౌకగా దొరకడం వీటి వేగానికి కలిసొచ్చింది. ఇటలీలో ఇసియో సరస్సు ఒడ్డున ఉన్న సార్నికో నుంచి రీవా సంస్థ 1962లో తెచ్చిన అక్వారామా ఈ సంప్రదాయంలో అందరికంటే అందగత్తె.

ఈ పడవలు సామాన్యుడి షెడ్డులోకి రావడానికి రెండు జిగుర్లు కారణం. మొదటిది 1934లో వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక ప్లైవుడ్ కంపెనీలో రసాయనవేత్త జేమ్స్ నెవిన్ పూర్తిగా నీటికి తట్టుకునే జిగురు కనిపెట్టడంతో ప్లైవుడ్డు పడవలకు పనికొచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పత్రికల్లో పడవల నక్షాలు విరివిగా వచ్చాయి. 1950లో క్రిస్-క్రాఫ్టే కోసి సిద్ధం చేసిన ముక్కలను పెట్టెలో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. 1953లో కాలిఫోర్నియాలో గ్లెన్ విట్ ప్రారంభించిన గ్లెన్-ఎల్ సంస్థ, చట్రాలను అసలు కొలతలోనే కాగితం మీద గీసి అమ్మింది. దాని ‘జిప్’ అనే సుమారు 14 అడుగుల పడవ నేటికీ కొత్తవాళ్ల అభిమాన నమూనా. రెండో జిగురు ఎపాక్సీ. 1970 దశకంలో మిషిగన్‌లోని బే సిటీకి చెందిన గూజన్ సోదరులు దాన్ని పడవల పనికి అనువుగా మలిచారు.

పాత కట్టుబడి, కొత్త కట్టుబడి

పాతకాలపు రనబౌట్‌లో పలకలను చట్రాలకు మరమేకులతో బిగించేవారు. పలకల మధ్య సందులు చెక్క నాని ఉబ్బితేనే మూసుకునేవి. ఎండిన కొయ్య తొట్టిలో నీళ్లు పోస్తే మొదట కారి, తర్వాత ఆగుతుంది కదా, ఇదీ అంతే. ఎప్పుడూ నీటిలో ఉండే పడవకు ఆ పద్ధతి బాగుంటుంది. సెలవురోజున కారు వెనక ట్రెయిలర్ మీద తీసుకెళ్లి, సాయంత్రానికి మళ్లీ షెడ్డులో పెట్టేదానికి పనికిరాదు. అందుకే నేడు ప్లైవుడ్డును ఎపాక్సీతో అతికి, బయట ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి, చెక్కలోకి తేమ దూరకుండా మూసేస్తారు. పైకి కనిపించే మహాగని పలుచని పొర మాత్రమే. దీన్ని నకిలీ అనడం సరికాదు. పడవ వాడుక మారింది, కట్టుబడీ దాన్ని బట్టి మారింది.

చట్రాలే లేకుండా ప్లైవుడ్డు ముక్కలను రాగితీగతో కుట్టి, కుట్ల వెంట ఎపాక్సీ పూసే పద్ధతి కూడా ఉంది. పలకలను కుట్టి పడవ చేయడం తెలుగు తీరానికి కొత్తేమీ కాదు. కోరమాండల్ తీరపు మసులా పడవల్లో పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. ఒడ్డున విరిగే అలల దెబ్బకు ఆ కుట్లు సాగి ఓర్చుకునేవి. ఎపాక్సీ కుట్టు మాత్రం బిగిసిపోవడానికే.

చట్రం, చిత్రిక

పడవను బోర్లా కడతారు. నేలమీద సమమట్టంగా పెట్టిన దూలాల మీద చట్రాలను తలకిందులుగా నిలిపి, ముందు మూతికొయ్యనీ వెనక ట్రాన్సమ్ అనే గోడనీ అమర్చి, వాటిని కలుపుతూ వెన్నుదూలం వేస్తారు. అడుగూ పక్కా కలిసే మూలల వెంట, పై అంచుల వెంట పొడవాటి బద్దలు వంచి బిగిస్తారు. చట్రాలకు ఓక్ గాని మహాగని గాని వాడతారు. మరమేకులు సిలికాన్ కంచువి కావాలి. ఇత్తడివైతే ఉప్పునీటిలో జింకు కరిగి గుల్లబారుతాయి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ప్రతి చట్రం అంచునూ బద్దల వాలుకు తగినట్టు చిత్రిక పట్టాలి. ప్లైవుడ్డు ఒక దిక్కుకే వంగుతుంది గనుక, కింద ఎక్కడ ఎత్తున్నా పల్లమున్నా బయటికి కనిపిస్తుంది. సన్నని బద్దను చట్రాలకు అడ్డంగా ఆనించి, వెలుతురు దూరే చోట్లు గుర్తుపెట్టుకుని, కొద్దికొద్దిగా చెక్కుతారు. వారాలు పట్టే ఈ పనిలో తొందరపడితే నష్టం అందానికే పరిమితం కాదు. వేగంగా పోయేటప్పుడు రనబౌట్ అడుగు వెనక భాగం మీదే నీటిపైకి లేచి జారుతుంది. ఆ వెనక మూడో వంతు గీత గీసినట్టు తిన్నగా ఉండాలి. అక్కడ లోపలికి గుంట పడితే మూతి నీటిలోకి దిగిపోతుంది. బయటికి ఉబ్బితే పడవ డాల్ఫిన్‌లా ఎగిరెగిరి పడుతుంది. ఇంజను పెద్దదైతే ఈ లోపం తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

ప్లైవుడ్డు బిగించేటప్పుడు కొత్తవాళ్లను తికమకపెట్టే చోటు ఇంకొకటుంది. వెనక వైపు అడుగు ప్లైవుడ్డు పక్కగోడ ప్లైవుడ్డు అంచు మీదికి వచ్చి కూర్చుంటుంది. మూతి దగ్గర రెండూ అంచుకు అంచు ఆనుకుంటాయి. ఈ మార్పు జరిగే చోట కోత సరిగ్గా కుదరాలంటే ముందుగా అట్టముక్కతో అచ్చు తీసుకోవడం మేలు.

ఎపాక్సీ పని

ఎపాక్సీ కలిపేటప్పుడు వేడి పుడుతుంది. ఎండాకాలంలో గిన్నెనిండా కలిపితే నిమిషాల్లో గట్టిపడి పొగలు కక్కుతుంది. కొంచెం కొంచెంగా, వెడల్పు పళ్లెంలో కలుపుకోవాలి. ఒంటికి తగులుతూ ఉంటే కొందరికి జీవితాంతం వదలని అలర్జీ పట్టుకుంటుంది కాబట్టి చేతితొడుగులు తప్పనిసరి. గట్టిపడ్డాక పైన తేలే మైనంలాంటి పొరను నీళ్లతో కడిగిన తర్వాతే ఉప్పుకాగితం పట్టాలి.

గుడ్డ పరిచి, లప్పం పట్టి, రంగు వేశాక పడవను తిరగేస్తారు. ఆ రోజు ఇరుగుపొరుగూ బంధువులూ చేయి వేయక తప్పదు. నెలల తరబడి బోర్లా చూసిన ఆకారం మొదటిసారి వెల్లకిలా పడవలా కనిపించే రోజు అది.

డెక్కు, వార్నీషు

డెక్కు ప్లైవుడ్డు మీద సుమారు 6 మిల్లీమీటర్ల మందం మహాగని బద్దలను సందులు వదిలి అతికి, ఆ సందుల్లో తెల్లటి పదార్థం నింపుతారు. ఎపాక్సీ ఎండకు పాడవుతుంది, అందుకని అతినీలలోహిత కిరణాలను ఆపే వార్నీషు పైన వేయాలి. ఎనిమిది పది పూతలైనా వేసి, పూతకూ పూతకూ మధ్య ఉప్పుకాగితం పడతారు.

ఇంజను, భద్రత

వెనక తగిలించే ఔట్‌బోర్డు ఇంజనుకు ట్రాన్సమ్ ఎత్తు, దాని షాఫ్టు పొడవును బట్టి 15 లేదా 20 అంగుళాలు ఉంచాలి. ఇంజను లోపల పెడితే డెక్కు అందం చెడదు గాని షాఫ్టు వరస తప్పకుండా కూర్చడం కష్టం. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, అడుగున చేరుతుంది. ఇంజను మీట నొక్కేముందు బ్లోయరు అనే పంకా తిప్పి దాన్ని బయటికి తోలాలి.

భారతదేశంలో

మన దుకాణాల్లో ‘710 ప్లై’ అని అడిగేది, వంటింటి అల్మారాలకు వాడేది, నిజానికి మెరైన్ ప్లైవుడ్డుకు ఉన్న భారత ప్రమాణమే (ఐఎస్ 710). ముద్ర ఉన్నంత మాత్రాన సరిపోదు. ఒక అంచు కోసి లోపలి పొరల్లో ఖాళీలు లేవని చూసుకోవాలి. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 1088 ఈ ఖాళీల విషయంలో కచ్చితమైనది. టేకు మన్నికైనదే గాని నూనె ఎక్కువ. అతికేముందు ద్రావకంతో తుడవకపోతే జిగురు పట్టదు. ఇంజనుతో నడిచే పడవను నదిలోకి దించడానికి ముందు 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ ఏవి వర్తిస్తాయో రాష్ట్ర అధికారుల దగ్గర కనుక్కోవాలి. నక్షా ఎంచుకునేటప్పుడే ఈ సంగతి తేల్చుకోవడం మంచిది.